అయిదో లక్ష్యం

"మళ్లీ చెయ్యి. ఈసారి కాస్త నెమ్మదిగా," అంది అమ్మ.

బుజ్జి నిట్టూర్చింది. రాసిందంతా చెరిపేసి మొదటి అక్షరం నుంచి మళ్లీ కొట్టడం మొదలుపెట్టింది. ఆదివారం మధ్యాహ్నం. వీధిలో పిల్లలు బంతాట ఆడుతున్న అరుపులు కిటికీలోంచి వినిపిస్తున్నాయి. నాన్న స్నేహితుడి ఆఫీసులో మూలపడి ఉన్న పాత కంప్యూటరు, పది రోజులుగా వీళ్ల భోజనాల బల్ల మీద కూర్చుని ఆయాసం వచ్చిన ముసలాయనలా గురగురమంటోంది.

అమ్మ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంది. కళ్లజోడు ముక్కు చివరికి జారింది. ఒక చేతిలో నోటుబుక్కు. ఇంకో చేతిలో బడివాళ్లు ఇచ్చిన కాగితం. 'తొమ్మిదో తరగతి కంప్యూటర్ క్లాసు: ఏడాది చివరికి రావలసినవి' అని పైన ఉంది. కింద అయిదు లక్ష్యాలు. ఆ కాగితాన్ని రోజూ పొద్దున్నే దేవుడి పటం ముందు పెట్టి దణ్ణం పెట్టుకుంటోందేమో, మూలన కుంకుమ మరక కూడా పడింది.

"మీటలు చూడకుండా టైపు చెయ్యడం మొదటిది. చిటికెన వేలు అక్కడే ఎందుకుండాలి?"

"దానిల్లు అదేనమ్మా. ఎక్కడికెళ్లినా మళ్లీ ఇంటికి రావాలి."

అమ్మ నోటుబుక్కులో రాసుకుంది. 

"ఆదివారం కూడానా?" అంటూ నాన్న స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చాడు. ఆయన సిటీ బస్సు డ్రైవరు. "పాపం, దాన్ని కాసేపు ఆడుకోనివ్వవోయ్."

"మీకేం, ఎన్నయినా చెబుతారు. రేపే మొదటి క్లాసు. హెడ్మాస్టరు వచ్చి వెనక బెంచీలో కూర్చుంటారట. నెల రోజులు చూస్తాను, ఈలోగా చేతికి రాకపోతే ఈ చోటు వేరేవాళ్లకిస్తాను అన్నారు. మొహం మీదే అన్నారు."

"కుట్టుమిషన్ల గదిలోనేనా కంప్యూటర్లు పెట్టింది?"

"ఆఁ. పన్నెండు మిషన్లూ తీసుకెళ్లి స్టోరు గదిలో పడేశారు. చుక్క నూనె కూడా వెయ్యకుండా." అంది అమ్మ. కుట్టుపని తప్ప ఇంకోటి తెలియని మనిషి.

నాన్న నవ్వాడు. "నేను మొదటిరోజు స్టీరింగు పట్టుకున్నప్పుడు చొక్కా తడిసిపోయింది. వెనక యాభై మంది. బండి మనకు వచ్చని వాళ్లు నమ్మాలి, అంతే. అదే సగం డ్రైవింగు."

"మిగతా సగం?" అంది బుజ్జి.

"బ్రేకులు."

బుజ్జి కిసుక్కున నవ్వింది. అమ్మ నవ్వలేదు. కాగితం మీద వేలు కిందికి జరిపింది.

"నాలుగోది. రాసింది దాచడం, దాచింది వెతికి తియ్యడం. సేవ్ అంటే ఏమిటి?"

"కంప్యూటరు జ్ఞాపకంలో భద్రపరచడం."

"చిలక పలుకులు నాకొద్దు. అర్థమయ్యేలా చెప్పు."

బుజ్జి గోళ్లు కొరుకుతూ ఆలోచించింది. దాని చూపు అమ్మ జాకెట్టుకు గుచ్చి ఉన్న సూది మీద పడింది. "చూడమ్మా, కుట్టు పూర్తయ్యాక దారానికి ముడి వేస్తావు. వెయ్యకపోతే?"

"ఊడిపోతుంది."

"ఎంత బాగా కుట్టినా సరే, ఊడిపోతుంది కదా. సేవ్ అంటే ముడి."

అమ్మ కళ్లజోడు పైకి తోసుకుని కూతురి వైపు చూసింది. తర్వాత వంగి నోటుబుక్కులో రాసుకుని, కింద రెండు గీతలు కొట్టింది.

"అయిదోది చదువు, అయిపోతుంది," అంది బుజ్జి ఆవలిస్తూ.

"'వచ్చింది ఇంకొకరికి నేర్పగలగాలి.'"

"అది నాకెప్పుడో వచ్చేసింది."

"వాగకు."

అమ్మ కాగితం మడిచి పటం ముందు పెట్టి కళ్లు మూసుకుంది. వెనకే వచ్చిన బుజ్జి మెల్లగా అడిగింది. "ఆ దేవుడికి కంప్యూటరు వచ్చంటావా అమ్మా?"

"ఆయనకు తెలియనిదేముంది?"

"మరి పది రోజుల్నుంచీ మనిద్దరమే తంటాలు పడుతున్నాంగా. ఒక్కసారైనా సాయం చేశాడా?"

అమ్మ కళ్లు తెరవకుండానే అంది. "నిన్ను నాకెవరిచ్చారే?"

మర్నాడు మొదటి పిరియడు. గదిలో ఇంకా మిషన్ నూనె వాసన పోలేదు. ఒక్కో కంప్యూటరు ముందు ముగ్గురేసి పిల్లలు. బుజ్జి రెండో వరసలో ఉంది. వెనక బెంచీలో హెడ్మాస్టరు చేతులు కట్టుకుని కూర్చున్నారు. పావుగంట గడిచింది. ఉన్నట్టుండి గొంతు సవరించుకున్నారు.

"నిన్న ఇంట్లో రెండు పేజీల ఉత్తరం టైపు చేశాను. కరెంటు పోయింది, ఉత్తరమూ పోయింది. ఎందుకంటారు?"

బుజ్జి జడ ముందుకు లాక్కుని, ఎదురుగా కనబడేలా రిబ్బను చివర గట్టిగా ఒక ముడి వేసింది.

అంతే, మాట దొరికింది.

"కుట్టు ఎంత బాగున్నా చివర ముడి వెయ్యకపోతే ఊడిపోతుందండీ. సేవ్ చెయ్యడమంటే ముడి వెయ్యడం. మీరు ముడి వెయ్యడం మరిచిపోయారు."

పిల్లలు గొల్లున నవ్వారు. హెడ్మాస్టరు కూడా నవ్వారు.

"ఇది ఏ పుస్తకంలోది?"

"పుస్తకంలో లేదండీ. ఇంట్లో నేర్చుకున్నదే."

ఆయన లేచి నిలబడ్డారు. "నెల రోజులు ఆగక్కర్లేదు. ఈ చోటు ఖాయం," అని గుమ్మం దాటారు. పిల్లలందరూ లేచి నిలబడ్డారు. బుజ్జి కూడా లేచింది, కళ్లు తుడుచుకుంటూ.

"కూర్చోండి పిల్లలూ," అంది టీచరు బల్ల ముందు నిలబడ్డ అమ్మ, ఇందాక ముడి సంగతి చెప్పిన గొంతుతోనే.