తిప్పిన బోర్డు

మెట్టెక్కుతున్న మనిషి చెప్పుల మీద రాతిపొడి కనబడగానే సెలూన్ ఓనరు తలుపుకి గడియ పెట్టి, అద్దానికి వేలాడే బోర్డు తిప్పేశాడు.

'మూసి ఉంది.'

బయట నిలబడ్డ ముసలాయన బోర్డు చదివాడు. లోపల కుర్చీలో సగం గీసిన గడ్డంతో ఉన్న మనిషినీ చూశాడు.

"గడ్డం ఒక్కటే బాబూ."

"కట్టేశాం. బోర్డు కనబళ్ళేదా?"

"క్వారీ పేట వాళ్ళొస్తే చాలు, నీ షాపుకి ఠక్కున పొద్దుపోతుంది బావా!" కుర్చీలోని బావమరిది నవ్వాడు.

"నోర్ముయ్. కత్తి ఇంకా నా చేతిలోనే ఉంది."

ముసలాయన వెళ్ళలేదు. మెట్టు మీద కూర్చున్నాడు.

అప్పుడే జీపు వచ్చి ఆగింది.

ఎస్సై దిగి, అద్దం మీది పోస్టరు చదివాడు. 'మార్కెట్ కూల్చొద్దు.'

"సంతకాల పుస్తకం లోపలే ఉందటగా? తియ్ తలుపు!"

ఓనరు వెళ్ళి సొరుగుకి అడ్డంగా నిలబడ్డాడు. అందులో మూడొందల మంది సంతకాలు. దొరికితే మూడొందల ఇళ్ళ ముందూ ఈ జీపు ఆగుతుంది.

"కోర్టు ఆర్డరుందా సార్?" మెట్టు మీద నుంచి గొంతు.

"షాపులోకి రావడానికి ఆర్డరేంటి? ఎవడైనా వస్తాడు."

"తెరిచుంటే వస్తాడు. మూసుందిగా, బోర్డు చూడండి."

"లోపల గడ్డం గీస్తుంటే మూసినట్టా?"

"ఇంటివాళ్ళకి గీసుకుంటున్నాడు. 'బావా' అనడం విన్నాను. తలుపు పగలగొడితే రేపు జడ్జిగారు మిమ్మల్నే అడుగుతారు. పోస్టరు అంటించడం, సంతకం పెట్టడం నేరం కాదు సార్."

ఎస్సై పళ్ళు నూరుకుంటూ జీపెక్కాడు.

ఓనరు అద్దానికి ముఖం ఆనించాడు. "మీకివన్నీ ఎలా తెలుసు?"

"పోలీసుల్ని గుమ్మం బయటే ఆపే చట్టం ఒకటుంది. నన్ను లోపలికి రానిమ్మనే చట్టం ఇంకోటుంది." ముసలాయన ఒక కాగితం మోకాలి మీద పెట్టుకుని ఏదో రాశాడు. "ఇవాళ్టికి మొదటిది పనికొచ్చింది."

కాగితం కవర్లో పెట్టి, తలుపు కిందుగా తోసి, వెళ్ళిపోయాడు.

ఓనరు బోర్డుని తాడుతో సహా పీకేశాడు.

"అయ్యా! రండి, గడ్డం చేస్తాను!" రోడ్డు మలుపు దాకా పరుగెత్తాడు.

అప్పటికే ఆయన ఎక్కిన బస్సు కదిలిపోయింది.

తిరిగొచ్చి, రొప్పుతూ కవరు విప్పాడు.

క్వారీ పేట వాళ్ళని కులం చూసి గుమ్మం తొక్కనివ్వనందుకు ఈ షాపు మీదే లాయరు నోటీసు. కింద లాయరుగా ముసలాయన సంతకం, దాని పక్కన తడి ఆరని సిరాతో ఒక ముక్క: 'బోర్డు తీసేస్తే ఇది చించెయ్యండి, గడ్డానికి రేపొస్తాను.'