రెండో మనిషి

పొద్దున ఆరింటికి ల్యాబ్ తాళం తీసి, లైటు వేసి, ఆమె మొట్టమొదట చేసే పని కుర్చీని కిందికి దించడం.

సాయంత్రం డ్యూటీ మనిషి రోజూ దాన్ని ఆకాశానికి ఎత్తిపోతాడు. అలాగే కూర్చుంటే ఆమె కాళ్లు నేలకి అందవు. మూడేళ్లుగా ఇదే తంతు. ఆ మనిషిని ఆమె ఒక్కసారీ చూడలేదు. తను ఒంటిగంటకి దిగిపోతుంది, అతను మూడింటికి ఎక్కుతాడు. మధ్యలో తాళంచెవి వాచ్‌మన్ దగ్గరుంటుంది. చూడకపోయినా పేరు మాత్రం పెట్టేసింది: తాడిచెట్టు.

"కుర్చీ ముట్టుకోవద్దని నిన్న చీటీ కూడా పెట్టి వెళ్లానయ్యా," అంది వాచ్‌మన్‌తో.

"ఆయనా పెట్టాడు కదండీ, మోకాళ్లు పట్టేస్తున్నాయని. మీ ఇద్దరి మధ్యా పాపం ఆ కుర్చీ నలిగిపోతోంది."

నీటి పరీక్షల ల్యాబ్ అంటే పేరే గొప్ప. ఒక గది, ఒక సింకు, నీళ్లలో మడ్డి ఎంతుందో కొలిచే ఒక మీటరు. మీటరు చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. పాత కంప్యూటరు చచ్చిపోయాక వచ్చిన కొత్తది, ఈ మీటరు ఎవరో నాకు తెలీదు పొమ్మంది. చిన్న తెర మీద అంకెలు చూసి చేత్తో రాసుకోవడమే మిగిలింది.

"ఈ ఏడాది గడవనిస్తానమ్మా," అన్నాడు ఆఫీసరు. "తర్వాత దీన్ని తుక్కుకి రాసేసి, శాంపిల్స్ బయటికి పంపేద్దాం. మిమ్మల్ని బిల్లుల కౌంటర్లో వేస్తాం."

ఒంటరి మనిషి, నలుగురి మధ్య పడితే మంచిదేగా అని ఎవరైనా అనుకుంటారు. పద్దెనిమిదేళ్లుగా ఆమె మాటలు వింటున్నది మాత్రం ఆ మీటరొక్కటే. దాన్ని తుక్కులో వేస్తే, పొద్దున్నే పలకరించడానికి ఆమెకింకేమీ ఉండదు.

అలా మొదలైంది. ఎవరైనా విప్పి చూసుకుని మార్చుకోగల ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఒకటి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుంది. దానికీ మీటరుకీ మాట కలిపే ప్రోగ్రాం, అదే డ్రైవరు, తనే రాద్దామని కూర్చుంది. మొదటి ప్రోగ్రాం తెర మీద 'వచ్చాను' అని ఒక్క ముక్క రాసి పోయింది. రెండోది కంప్యూటర్ని బిగుసుకుపోయేలా చేసింది. తల ప్రాణం తోకకొచ్చాక, పదకొండోది మీటరులో దీపం వెలిగించింది.

ఆ రోజు ఎవరికి చెప్పుకోవాలో తెలియక తమ్ముడికి ఫోన్ చేసింది.

"యాభై దగ్గర పడుతున్నాయి, ఇప్పుడు నీకెందుకక్కా ఇదంతా? హాయిగా టీవీ చూసుకోక," అన్నాడు.

ఆ తర్వాత ఆమె ఎవరికీ చెప్పలేదు.

ఆ సిస్టమ్‌లో అధికారికంగా చేరితేనే ఆఫీసు కంప్యూటర్లో వేసుకోనిస్తారు. అందుకే రాసినదాన్ని 'తొలిమెట్టు' అనే మారుపేరుతో, ఆ సిస్టమ్‌ని తయారుచేసేవాళ్లంతా ఉత్తరాలు రాసుకునే మెయిలింగ్ లిస్టుకి పంపింది. ఏది చేర్చుకోవాలో తేల్చే అక్కడి పెద్దమనిషి కోడు చదవకముందే, వరుసల మొదట ట్యాబులుండాల్సిన చోట స్పేసులున్నాయని తిప్పికొట్టాడు. నాలుగుసార్లు దిద్ది పంపాక ఇలా రాశాడు: "బాగుంది. కానీ రాసినవారు కాక ఇంకొకరు అసలు మీటరు మీద పరీక్షించి సంతకం పెట్టాలి. అది లేనిదే చేర్చుకోం."

ఇంకొకరు. ఆ మాట దగ్గర ఆమెకి ఏడుపొచ్చింది. కోడంటే ఎలాగో నేర్చుకుని రాసింది గానీ, మనిషిని ఎక్కణ్ణించి తెస్తుంది?

రెండు నెలలు లిస్టులో ఉలుకూ పలుకూ లేదు. ఏడాది ముగియడానికి ఇంక పదిహేను రోజులే ఉన్నాయి. తుక్కు కొనేవాడు వచ్చి, మీటర్ని రెండు చేతులా ఎత్తి బరువు చూసుకుని పోయాడు కూడా.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో అన్నం ముందు కూర్చుని ఫోన్ చూస్తే మెయిలొచ్చి ఉంది. పంపిన పేరు 'పాతసామాను'.

"మా దగ్గరా ఇదే మీటరుంది. నా పెన్‌డ్రైవ్‌లో మీ డ్రైవరు వేసుకుని వంద శాంపిల్స్ చూశాను. ఒక్క తప్పు లేదు. లాగ్ జత చేస్తున్నాను. నేనూ ఇలాంటిదే రాద్దామని మొదలుపెట్టి, మధ్యలో వదిలేశాను. ఇక్కడెవరికైనా చెబితే నవ్వుతారు. మీరెక్కడుంటారో తెలీదు. ఈ పాత డబ్బా కోసం కష్టపడే మనిషి ఇంకొకరున్నారని తెలిసి, నాకొక తోడు దొరికినట్టుంది."

ఆమె దాన్ని నాలుగుసార్లు చదివింది. అన్నం చల్లారిపోయింది.

మూడు రోజులకి పెద్దమనిషి నుంచి ఒకే ఒక్క ముక్క వచ్చింది: "చేర్చాం." కింద రెండు పేర్లు. రాసినవారు తొలిమెట్టు, పరీక్షించినవారు పాతసామాను. కొత్త కంప్యూటరు తెర మీద అంకెలు వాటంతటవే పడుతుంటే ఆఫీసరు కాసేపు చూసి, "సరేనమ్మా, ఉండనివ్వండి," అని వెళ్లిపోయాడు.

ఆ మర్నాడు పొద్దున ఆమె కుర్చీ సంగతి కూడా మర్చిపోయి, నిలబడే పాతసామాను పంపిన లాగ్, అంటే పరీక్షలప్పుడు కంప్యూటరు వరుసగా రాసుకున్న చిట్టా, తెరిచింది. కంప్యూటరుకి తగిలించగానే ఏ మీటరైనా తన సీరియల్ నంబరు, ఇంకే మీటరుకీ ఉండని నంబరు, చెప్పుకుంటుంది. లాగ్‌లో మొదటి వరుస అదే. ఆయన మీటరు తన మీటరుకి అక్కో చెల్లెలో తేల్చుకోవాలని సరదా పుట్టింది. నంబరు అరచేతి మీద రాసుకుని, మీటర్ని గోడ వైపు నుంచి తిప్పి, వెనక దుమ్ము పట్టిన స్టిక్కర్ని వేలితో తుడిచింది.

ఒక్క అంకె కూడా తేడా లేదని మూడుసార్లు సరిచూసుకున్నాక, ఆమె వెళ్లి, తాడిచెట్టు ఎత్తిపెట్టి వెళ్లిన ఆ కుర్చీని మూడేళ్లలో మొదటిసారి దించకుండా, కాళ్లు గాల్లో వేలాడేసుకుని అలాగే కూర్చుంది.