ఈ ఏటి ఉత్తమ పాఠకుడు

శాలువా కప్పాలంటే మనిషిని కాస్త లేపాలి. ఉదయ్‌కిరణ్ ఒక పక్క, భార్య గ్రేసీ ఇంకో పక్క పట్టుకుని జెరెమియాను దిండుకి ఆనించారు. కల్పలత శాలువా కప్పి, సర్టిఫికెట్‌ను ఆయన కళ్ళ ముందు పట్టుకుని గట్టిగా చదివింది.

"మల్కాజ్‌గిరి పాఠకుల గ్రూపు. ఈ ఏటి ఉత్తమ పాఠకుడు. పన్నెండు నెలల్లో నలభై ఒక్క ఆడియో పుస్తకాలు."

జెరెమియా కళ్ళు ఆమె వైపు తిరిగాయి. ఒంట్లో కదిలేవి అవే. ముప్పై ఆరేళ్ళు రైల్వేలో గార్డుగా తిరిగిన మనిషి, కిందటేడు పక్షవాతం వచ్చి మంచానికి అంటుకుపోయాడు. మాట కూడా పోయింది. వినికిడి పోలేదు. బుర్ర పాదరసమే. రెప్ప ఒకసారి ఆర్పితే అవును, రెండుసార్లు ఆర్పితే కాదు.

"ఈయనకిక పుస్తకాలే ఊపిరి. వాటి మీద ఆసక్తి పోనివ్వకండమ్మా" అన్నాడు డాక్టరు. గ్రేసీ పోనివ్వలేదు. మంచం పక్కన స్టూలు, స్టూలు మీద ఫోను, ఫోన్లో పుస్తకం. ఒక్కో పుస్తకం తర్వాత పక్కన కూర్చుని, కథ నచ్చిందా, చదివిన గొంతు కుదిరిందా, చెల్లెలి పాత్ర అతిగా లేదూ అని అడిగేది. రెప్పలు చూసుకుని, నాలుగు వాక్యాలు కూర్చి గ్రూపులో పెట్టేది.

'టీ తోటలో హత్య. మొదటి గంట సాగదీత. వాన మొదలయ్యాక పట్టు వదల్లేదు. చదివినాయన గొంతులో పోలీసూ దొంగా ఒకేలా దగ్గుతారు.'

ఆ నాలుగు వాక్యాల కోసం గ్రూపులో అందరూ ఎదురుచూసేవారు.

"అంకుల్ మస్తు మారిపోయిన్రు ఆంటీ" అన్నాడు ఉదయ్‌కిరణ్ కుర్చీ లాక్కుంటూ. "ముందైతే జెర సుత ఆగేటోళ్ళు కాదు. మనం పుస్తకం షురూ చేస్తే చాలు, వంటోడే చంపిండని చెప్పేసేటోళ్ళు. ఎంతమందిమి పరేషాన్ అయినమో."

"ముగింపు చెప్పకూడదన్నది గ్రూపు నియమం" అంది కల్పలత. "ఈ నలభై ఒక్కటిలో ఒక్క ముగింపూ బయటపడలేదు. అవార్డు అందుకే. ఇంట్లో మీకూ అలాగే చెప్పేసేవారా ఆంటీ?"

"ముప్పై నాలుగేళ్ళు" గ్రేసీ నవ్వింది. "నేను సీతాఫల్‌మండిలో టీచర్ని కదా, రైల్లో పోతూ వస్తూ చదువుకునేదాన్ని. నేను మడిచిన పేజీ చూసి, ఇక్కడిదాకా వచ్చావా, అయితే విను, అనేవారు. నాకు ఆపరేషనై ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఇరవై పేజీలు మిగిలాయి. ఇడ్లీ డబ్బా తెచ్చి, మూత తీయకముందే చెప్పేశారు."

ఉదయ్‌కిరణ్ పగలబడి నవ్వాడు. "ఇడ్లీ సుత తిననియ్యలేదా అంకుల్?"

జెరెమియా కళ్ళ కొసల్లో నీళ్ళు నిలిచాయి.

"అంకుల్‌కీ నవ్వొస్తోంది" అంది కల్పలత.

"పుస్తకం చివరికొచ్చినా ఇంతే. ధారలు కడతాయి. తుడుస్తూ కూర్చుంటాను" అంది గ్రేసీ.

కల్పలత మంచం మీదికి వంగింది. "అంకుల్, విన్నవాటిలో ఒక్క ముగింపైనా నచ్చిందా?"

రెప్పలు రెండుసార్లు పడ్డాయి. కాసేపాగి మళ్ళీ రెండుసార్లు. మళ్ళీ రెండుసార్లు.

"ఒక్కటి సుత నచ్చలేదంట" అన్నాడు ఉదయ్‌కిరణ్. "అంకుల్ అంకులే."

అందరూ నవ్వారు. కల్పలత తన ఫోను తీసి గ్రేసీ ఫోనుకి ఒక పుస్తకం పంపింది. అయిదు భాగాల డిటెక్టివ్ నవలలో ఆఖరిది. మొదటి నాలుగూ జెరెమియా మంచాన పడకముందే చదివేశాడు. ఇన్‌స్పెక్టర్ తమ్ముణ్ణి ఎవరు చంపారో చెప్పకుండా రచయిత ఆరేళ్ళు ఊరించాడు. నిన్ననే ఆడియో వచ్చింది. పదకొండు గంటలు.

సంగతి వినగానే జెరెమియా ఊపిరి వేగం పెరిగింది. కళ్ళు ఫోను మీదికి పోయి అక్కడే ఉండిపోయాయి.

వాళ్ళు వెళ్తుంటే గుమ్మం దగ్గర గ్రేసీ గొంతు తగ్గించింది. "గుండె నీరసించిందట. వారం, మహా అయితే పది రోజులన్నారు."

కల్పలత ఆమె చేయి పట్టుకుంది. "అయితే ఇదే ఆఖరి పుస్తకమేమో ఆంటీ. ఆరేళ్ళుగా ఎదురుచూస్తున్నారు. ఎలాగైనా వినిపించండి."

"రోజుకి రెండు గంటలు పెడతాను" అంది గ్రేసీ.

పెట్టింది. ఒక్కరోజు తప్పలేదు. మూడోనాటికి జ్వరం వచ్చింది. అయినా మధ్యాహ్నం రెండయ్యేసరికి జెరెమియా చూపు స్టూలు వైపు వెళ్ళేది. అయిదోనాడు డాక్టరు వచ్చి నాడి చూసి, బంధువులకి కబురు పెట్టమన్నాడు.

ఆరోనాడు పక్క పట్టాల మీద లోకల్ కూత పెట్టింది. ఒక్క మాట కూడా పోకూడదని గ్రేసీ లేచి కిటికీ మూసి, మంచం అంచున కూర్చుంది.

కథలో ఇన్‌స్పెక్టర్ అందరినీ హాల్లోకి పిలిచి తలుపు గడియ పెట్టాడు.

"నా తమ్ముణ్ణి చంపినవాడు ఈ గదిలోనే ఉన్నాడు" అన్నాడు.

జెరెమియా రెప్ప వేయడం మానేశాడు.

"వాడి పేరు..." అంటూ ఇన్‌స్పెక్టర్ ఒక్కొక్క ముఖమే చూస్తుండగా, గడిచిన నలభై ఒక్క పుస్తకాలకీ చేసినట్టే, గ్రేసీ సరిగ్గా అక్కడ ఆపేసింది.