వేలి మీద చుక్క

ముసలాయన గేటు దగ్గర నిలబడి టోపీ తీశాడు. కసిమిరా లోపల్నుంచే కుక్కని ఉసిగొల్పింది.

కుక్క పంట్లాం అంచు పట్టుకుని లాగుతున్నా ఆయన కదల్లేదు. భుజానికి చిన్న పెట్టె వేలాడుతోంది.

"వేలి మీద ఒక్క చుక్క రక్తం చాలమ్మా. చూసి, చెప్పి వెళ్ళిపోతా."

రక్తం మాట వినగానే కసిమిరా గుమ్మానికి కాపుగా కట్టిన వెల్లుల్లి దండని తడుముకుంది.

మా కొండల్లో లికిచిరి అంటే తెలియనివాళ్ళు లేరు. పరాయి మనిషిలా వస్తాడు. మాటల్లో పెట్టి మత్తు కమ్మేలా చేస్తాడు. ఒంట్లో కొవ్వు తీసుకుని పోతాడు. నొప్పీ ఉండదు, గాయమూ ఉండదు, మనిషి మాత్రం ఒకనాటికి రాలిపోతాడు.

కసిమిరా మొగుడు బంగాళాదుంప చేలో పార పట్టుకునే కూలిపోయాడు. నలభై నిండలేదు. ఒక్కనాడూ జబ్బుపడి మంచమెక్కి ఎరగడు. లికిచిరి పనే అని ఊరంతా తేల్చేసింది. మా ఊరు దేన్నైనా ఇట్టే తేల్చేస్తుంది.

ముసలాయన చెప్పేది వేరు. మట్టిగోడల పగుళ్ళలో ఉండే వించూకా పురుగు నిద్రలో కుడుతుందట. దాని జబ్బు చప్పుడు చేయకుండా గుండెలో కూర్చుని, ఏళ్ళ తర్వాత మనిషిని పడగొడుతుందట. పిల్లల్లో ముందే పట్టుకుంటే మందులతో పోతుందట. మా తాతల్ని కుట్టలేదా ఆ పురుగులు, వాళ్ళు బతకలేదా అని మావాళ్ళు నవ్వారు.

అయినా కొందరు వేలు చాపారు. కసిమిరా మాత్రం తలుపు తీయలేదు. ఆ మొదటి రోజే ఆయన వెళ్తూ వెళ్తూ ఒక మాట అడిగాడు.

"మీ వెనక గదిలో ఇప్పుడెవరు పడుకుంటున్నారు?"

గేటు దగ్గర్నుంచి ఆ గది కనపడదు. ఇంటికి వెనక గది ఒకటుందని లికిచిరికి కాకపోతే పరాయివాడికెలా తెలుస్తుంది? అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు.

ఆ గదిలో ఒకప్పుడు బడి టీచరమ్మ డెల్ఫీనా ఉండేది. కసిమిరా కూతురు నెలీడాకి పుట్టువెంట్రుకల్లో మొదటి పాయ కత్తిరించింది ఆవిడే. మావైపు మొదటి పాయ తీసిన మనిషి బిడ్డకి రెండో తల్లి. పట్నానికి బదిలీ అయ్యాక కొన్నాళ్ళు కబుర్లు పంపింది, తర్వాత అవీ లేవు. పట్నం నీళ్ళు వంటబట్టాక మేమెందుకు గుర్తుంటాం అని కసిమిరా నొచ్చుకునేది. ఇప్పుడా గదిలో నెలీడా పడుకుంటోంది.

ఆయన మరుసటి ఏడూ వచ్చాడు. ఆ పై ఏడూ వచ్చాడు. ఆ ఆఖరుసారి కసిమిరా పెరట్లోంచి వచ్చేసరికి, పదమూడేళ్ళ నెలీడా గేటు సందులోంచి వేలు చాపి నిలబడి ఉంది. సూది చర్మానికి తగలబోతోంది.

కసిమిరా కూతురి చేతి మీద ఒక్కటి వేసింది. పెట్టె కిందపడింది. బకెట్లో ఉన్న కుడితి తీసి ఆయన మొహాన కొట్టింది.

"నా మొగుణ్ణి తిన్నావు, చాల్లేదా? ఇప్పుడు దీని మీద పడ్డావా?"

ఆయన మొహం తుడుచుకున్నాడు. నెలీడా జుట్టు వంక కాసేపు చూశాడు.

"కోపం నా మీదే ఉంచుకో తల్లీ. పాపని మాత్రం కింద ఆసుపత్రిలో చూపించు."

మళ్ళీ రాలేదు.

ఆ ఏడు చలికాలం నుంచి కుక్క ఎవరూ లేని గేటుని చూసి మొరిగేది. కసిమిరా వెళ్ళి చూస్తే మనిషుండడు. ఎవరో అక్కడే నిలబడి ఉన్నట్టు మాత్రం అనిపించేది. లికిచిరి పగబట్టాడని గుమ్మానికి ఇంకో వెల్లుల్లి దండ కట్టింది. దేనికి భయపడాలో దానికి భయపడలేదు, పాపం.

నెలీడాకి పదహారేళ్ళొచ్చాయి. ఆడపిల్లల ఫుట్‌బాల్ పోటీలో బంతి వెనక పరిగెత్తుతూ బోర్లా పడిపోయింది, అచ్చం వాళ్ళ నాన్న పడ్డట్టే. లేచింది గానీ పెదాలు నల్లబడి ఉన్నాయి.

కింద ఆసుపత్రిలో డాక్టరమ్మ రక్తం చూసింది, గుండె చూసింది. పురుగు జబ్బే అంది. మందులిస్తామంది. చిన్నప్పుడే తెలిసుంటే గుండె దాకా వచ్చేది కాదనీ, తగిలిన దెబ్బని ఇప్పుడిక మాన్పలేమనీ చెప్పింది.

"మీ ఊరికి పెట్టె తగిలించుకుని ముసలాయన, దోన్ హిలారియో వచ్చేవాడుగా. మీ పాపకి చూడలేదా?"

కసిమిరా తల దించుకుంది. జరిగింది చెప్పింది. ఆయనెక్కడుంటాడో చెబితే వెళ్ళి కాళ్ళ మీద పడతానంది.

"ఇంకెక్కడి ఆయనమ్మా. మీ ఇంటికి ఆఖరుసారి వచ్చిన ఏడు చలికాలంలోనే పోయాడు. మా ఉద్యోగి కూడా కాదు, బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. కూతురు ఈ జబ్బుతో నా చేతుల్లోనే పోయింది. తర్వాత రక్తం చూడ్డం నేర్పమని నా వెంటపడ్డాడు. ఒక ఇంట్లో మాత్రం గడప తొక్కనివ్వడం లేదని బాధపడేవాడు. నువ్వెవరో చెప్పొచ్చుగా అన్నాను."

"ఏమన్నాడు?"

"'మా పిల్లని పురుగు కుట్టింది ఆ ఇంట్లోనే. తెలిస్తే ఆ ఇల్లాలు కుమిలిపోతుంది, చెప్పొద్దని అమ్మాయి పోయేముందు నాచేత ఒట్టేయించుకుంది' అన్నాడు."

కసిమిరా మంచం పట్టె పట్టుకుంది. ఆ పిల్ల పేరేమిటని అడిగింది. డాక్టరమ్మ చెప్పింది, డెల్ఫీనా అని.

నెలీడా నిద్రపోతోంది. ఏటా కొండెక్కి వచ్చి, గుక్కెడు మంచినీళ్ళకైనా నోచుకోకుండా దిగిపోయింది దాని రెండో తల్లిని కన్న తాత.