రెక్కలవాడు బస్సెక్కిన సినిమా

వారం రోజులు ఆడిన సినిమాకి ఆఖరి ఆట అయిపోయింది. జనం నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. రోజూ వెనక వరుసలో ఒక్కడే కూర్చునే పెద్దాయన మాత్రం మెట్లెక్కి నా ప్రొజెక్టర్ గదిలోకి వచ్చాడు.

"ఆపరేటర్ గారూ, రేపట్నుంచి ఎత్తేస్తున్నారటగా?"

"అవునండీ. మంచి సినిమానే. జనానికి ఎక్కలేదు."

"ఎలా ఎక్కుతుంది? ఇంటర్వెల్ దాకా ఆకాశంలో ఎగిరినవాడు, ఉన్నట్టుండి బస్సులో సీటు కోసం తోసుకుంటుంటే ఎవరైనా నవ్వుతారు."

ఆయన చేతిలో అంచులు నలిగిన బొమ్మల కథల పుస్తకం ఉంది. ఒక పేజీ తీసి నా ముందు పెట్టాడు. అందులో రెక్కలవాడు తన రెక్కలు విప్పి, నడవలేని చెల్లెలి భుజాలకి కడుతున్నాడు.

"ఈ ఒక్క ఘట్టం ఆర్నెల్లు గీశాను. ఇది తప్పకుండా తీస్తామన్నారు సినిమావాళ్ళు. తియ్యలేదు. నేనే సరిగ్గా గీయలేదేమో, వాళ్ళకి తీయబుద్ధి కాలేదు. అడగడానికి మొహం చెల్లడం లేదు."

నేను పుస్తకం మూసి ఆయన చేతికిచ్చేశాను.

"కాసేపు కూర్చోవచ్చా? మోకాళ్ళు పట్టేశాయి," అన్నాడు.

గదిలో కూర్చోవడానికి ఉన్నది ఒక్కటే, నా కిందున్న ఇనప పెట్టె. లేచి చోటివ్వాలి. లేవలేకపోయాను. ఆయన గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

రోజుకి నాలుగో ఆట కూడా పట్టాలంటే ఫైట్లు లేని రీలొకటి తీసి పక్కన పెట్టెయ్యమని మా ఓనరు మొదటిరోజే చెప్పాడు. వారం నుంచీ నేను కూర్చుంటున్నది ఆ రీలున్న పెట్టె మీదే.