నొప్పి లేని కామెర్లు

“కామెర్ల మందుకేనా తల్లీ?”

వెనక నుంచి ఆ పిలుపు వినగానే కుమారికి ఒళ్ళు మండింది. మందుకి వెళ్ళేవాళ్ళని వెనక్కి పిలుస్తారా ఎవరైనా?

రాజాం దాటాక, కామెర్లకి ఆకు పసరు పోసే జగన్నాధం ఊరి మలుపులో అప్పుడే బస్సు దిగారు. భర్త నరసింగరావు కళ్ళు పసుపు పూసినట్టున్నాయి. ఎండెక్కక ముందే, పరగడుపున, జగన్నాధం పసరు తాగించాలి. మూడు ఆదివారాలు తాగితే చాలని గరివిడిలో అడిగినవాళ్ళందరూ చెప్పారు.

టీ బడ్డీ ముందు బల్ల మీంచి గళ్ళ తువ్వాలు ముసలాయన లేచి వచ్చాడు.

“నొప్పి ఉన్నాదా నాయినా?”

“లేదు,” అన్నాడు నరసింగరావు.

“జొరం?”

“లేదు.”

“దురద?”

“రాత్రంతా గోక్కుంటన్నాను.”

“సిక్కిపోనావా?”

“పేంటు నిలబడ్డం లేదు.”

ముసలాయన మొహం మాడిపోయింది.

“నొప్పి లేని కామెర్లు మంచివి కావమ్మా. పసరుకి లొంగవు. ఇదే బస్సు తిరిగొస్తాది. విశాఖ ఎల్లి కడుపు స్కానింగ్ తీయించండి. తోడు కావాలంటే నానూ వస్తాను.”

ఆ చివరి మాటతోనే కుమారికి అనుమానం పుట్టింది. ముక్కూమొహం తెలియనివాడు ఊరికే ఎందుకొస్తాడు? ఏదో ఆసుపత్రి బ్రోకరు అయ్యుంటాడు.

“నొప్పి లేపోతే మంచిదే కదేటి? నీకు కమీషనెంత తాతా?”

బడ్డీలోంచి టీ కాచే గౌరి ఏదో చెప్పబోయింది. ముసలాయన చెయ్యి అడ్డం పెట్టి ఆపేశాడు.

కుమారి భర్త రెక్క పట్టుకుని లాక్కుపోయింది.

జగన్నాధం ఇంట్లో లేడు. కొడుకు కొండబాబు అరుగు మీద ఆకు నూరుతున్నాడు.

“నాన్న బయటికెల్లాడు. మందు అదే, సెయ్యే మారింది,” అని గ్లాసు అందించాడు.

ఉప్పు మానేశారు. నూనె మానేశారు. మజ్జిగన్నంతో మూడు ఆదివారాలు గడిచాయి. రోజూ పొద్దున్నే కుమారి భర్తని కిటికీ దగ్గరికి లాగి కళ్ళు చూసేది. ఒకరోజు తగ్గినట్టే ఉండేది, మర్నాడు ఇంకా పచ్చగా కనిపించేది. ఇంకో రెండు ఆదివారాలు చూద్దామనుకుంది. అప్పటికి మనిషి మంచానికి అతుక్కుపోయాడు.

విశాఖలో స్కానింగ్ అయ్యాక డాక్టరు చరిత కాగితం మీద బొమ్మ గీసి చూపించింది.

“ఇది క్లోమం. దీని తల దగ్గర క్యాన్సర్ గడ్డ ఉందమ్మా. పొట్ట వెనకాల ఉండడంతో త్వరగా తెలీదు. పెరిగి పైత్యం గొట్టాన్ని నొక్కితే కళ్ళు పచ్చబడతాయి. నొప్పి లేదని మామూలు కామెర్లనుకుంటారు.”

“కోసి తీసెయ్యండమ్మా.”

“నెల ముందు వస్తే వీలయ్యేదేమో. ఇప్పుడు రక్తనాళాలను చుట్టేసింది.”

నెల ముందు అన్న మాట కుమారిని కూర్చోనివ్వలేదు, పడుకోనివ్వలేదు. భర్తని ఆడపడుచుకి అప్పగించి, ఆదివారం మొదటి బస్సెక్కేసింది. జగన్నాధాన్ని నలుగురిలో నిలబెట్టి కడిగెయ్యాలి. ఎందుకిచ్చావురా మందు అని అడగాలి.

దిగుతూనే గౌరిని అడిగింది.

“జగన్నాధం ఇంట్లో ఉన్నాడా?”

“లేడమ్మా. ఎవలో కామెర్లాయన్ని తీసుకుని విశాఖ పెద్దాసుపత్రికెల్లాడు.”

“ఏం, ఆడి మందు మీద ఆడికే నమ్మకం లేదేటి?”

“పెళ్ళానికీ అదే పోసాడు, నొప్పి లేని కామెర్లకి. ఆవిడ పోనాక నూరడం మానేసినాడు. కొడుకు మాన్లేదు.”

కుమారి కోపం ఎటు పోవాలో తెలియక అక్కడే గిరగిర తిరిగింది.

“మరి ఆ ముక్క మాకు సెప్పొద్దా? మా ఆయన పేణం పోతన్నాది.”

“కొడుకు పరువు తియ్యలేక తన పేరు సెప్పుకోడమ్మా.”

గౌరి గ్లాసులు కడగడం ఆపింది.

“ఆ రోజు ఇక్కడే మిమ్మల్ని ఆపి, విశాఖ ఎల్లిపోమని బతిమాలినోడే జగన్నాధం.”