మెట్ల కింది జాడీ

ఆ పొద్దున నాంపల్లి మీద మంచు ఎంతకూ విడవలేదు. స్టేషన్ నుంచి కూత వినబడుతోందే తప్ప రైలు కనబడడం లేదు. అంత చలిలో శాలువా కూడా కప్పుకోకుండా కిందికి దిగొచ్చాడు ఇంటాయన అమరేశ్వరరావు. మెట్ల కింద గుడ్డ కట్టి పెట్టిన జాడీ దగ్గర వంగి చెవిపెట్టాడు.

"ఏమిటండీ దేవప్రసాద్ గారూ ఇది? లోపల గుసగుసలాడుతోంది."

కింది వాటాలో కిరాయికుండే దేవప్రసాద్ చేతులు కట్టుకున్నాడు. "ద్రాక్షరసం సార్. క్రిస్మస్ నాడు చర్చిల రొట్టెతోని ఇచ్చే సంస్కారానికి. పాస్టరయ్యగారు నాకే అప్పజెప్పిన్రు."

"రసమా, సారాయా?"

"గట్లనకుండ్రి సార్. ఈస్టు గూడ వెయ్యలే. పండు కడగకుండ పిసికితే, తొక్క మీద తెల్లగ బూడిద లెక్క ఉంటది సూడుండ్రి, దాంతోనే అదే పొంగుతది."

"మద్యం బందు పెట్టి ఏడాది కావస్తోంది. పోలీసులొస్తే ఆ బూడిదను పట్టుకుపోతారా? ఇల్లుగలవాణ్ణి, నన్ను పట్టుకుపోతారు."

"జర తొమ్మిది దినాలు ఓర్చుకోండ్రి. మళ్ల పెడితే మూడు వారాలకు గాని తయారుగాదు. పండుగ దాటిపోతది."

"జాడీ అయినా పోవాలి, మీరైనా పోవాలి. నా ఇంట్లో ఆ చుక్క ఎవరి గొంతూ దిగడానికి వీల్లేదు."

దేవప్రసాద్ భార్య వైపు చూశాడు. గడపలో నిలబడ్డ జిప్పోరా ఆయనను చూడడం లేదు, మెట్ల పైకి చూస్తోంది. పైన రావుగారి భార్య కమలకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

ఇక చేసేదేంలేక దేవప్రసాద్ జాడీని మోరీ దాకా ఈడ్చి వంచాడు. ఎర్రటి నురగ బుస్సుమంటూ పోయింది. తొక్కలు జాలీకి అడ్డంపడి కదల్లేదు. వాటిని వేళ్లతో తోశాడు.

అబిడ్స్ దాకా నడిచిపోయి పాస్టరుకు చెప్పుకున్నాడు. ఆయన "కిస్‌మిస్ నానబెట్టి పిండుకుందాం తియ్యి" అన్నాడు. అంతకన్నా నాలుగు తిట్టినా బాగుండుననిపించింది దేవప్రసాద్‌కు.

రెండోనాడు రావుగారే కిందికొచ్చాడు. "మనసులో పెట్టుకోకండి. ఇద్దరూ టిఫినుకు రండి. ఈ పదిరోజులుగా మా ఆవిడ ఇడ్లీలు దూదే అనుకోండి. ఇంత చలిలో కూడాను."

రామందామంటే ఉండేది ఆయన ఇంట్లోనే. పోయారు.

నలుగురూ చాప మీద కూర్చున్నారు. రావుగారు ఇడ్లీ తుంచబోతే అది జారి కంచం మోగింది. జిప్పోరా తల వంచుకుంది. దేవప్రసాద్ ముక్కను చట్నీలో నానబెట్టి నోట్లో వేసుకున్నాడు. ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా రెండేసి ఇడ్లీలు ముగించారు.

"ఇవాళ పిండి పులవలేదా ఏమిటి?" చివరికి రావుగారే అడిగాడు.

కమలకుమారి చట్నీ గిన్నె కింద పెట్టింది. "రోజూ జిప్పోరాను అడిగి పిండిలో కలుపుకునే ఆ జాడీ నురగను, మీరే కదండీ మోరీలో పోయించారు."